సీటీ రిపోర్టుల ‘ట్రాకియల్ బ్రాంకస్’ అని వచ్చింది, మాటిమాటికి నిమోనియా దీనివల్లనేనా?

జమ్మికుంట_పత్తి
మా బామ్మర్దికి 38 ఏండ్లు. వరంగల్ ఎనుమాముల పత్తి, మిర్చి మార్కెట్ల పని. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. రెండేండ్లల్ల మూడుసార్లు నిమోనియా అయింది, మూడుసార్లూ కుడిదిక్కు పైభాగంలనే. పొద్దుగాల లేవంగనే దగ్గు, పసుపుపచ్చ గల్ల (కఫం). మొదలు మిర్చి ఘాటు, పత్తి దుమ్ము అన్నరు. తర్వాత దమ్ము (ఆస్తమా) అని ఇన్‌హేలర్ ఇచ్చిన్రు, ఆర్నెల్లు గుంజిండు, ఫరక్ లేదు. ఒకచోట ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెడ్దం అన్నరు, గల్ల పరీక్ష మాత్రం రెండుసార్లు నెగెటివ్. ఇప్పుడు సీటీ రిపోర్టు ఇట్ల ఉంది: కుడి పై లోబ్ (ఊపిరితిత్తి పైభాగం) ఎపికల్ సెగ్మెంట్‌కు (దాని శిఖరపు ముక్కకు) పోయే శాఖ, కెరీనాకు 14 మి.మీ. పైన, ట్రాకియా కుడి గోడ నుంచే నేరుగ బయలుదేరింది. ఆ సెగ్మెంట్‌ల కొద్దిగ బ్రాంకియెక్టాసిస్ (గాలి గొట్టాలు వెడల్పై గల్ల నిలిచే జబ్బు).
నెట్ల చూస్తే దీన్ని ‘పంది బ్రాంకస్’ అంటరట. అది చదివి ఇంట్ల అందరు పరేషాన్. ఇంకోటి, వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది. మత్తు డాక్టర్‌కు ఇది చెప్పాల్నా?

మత్తుసూది_హన్మకొండ
మొట్టమొదలు చెప్పాల్సిందే అది. డ్యూటీ అయినంక వివరంగ రాస్త. ఆపరేషన్ ఓపెనా, లాపరోస్కోపీనా? అది కనుక్కొని పెట్టు.

ఫిలిం_చదువరి
మామూలు మనిషికి గాలిగొట్టం, అంటే ట్రాకియా, గొంతు కింద నుంచి 10–12 సెం.మీ. దిగి రెండుగ చీలుతది. ఆ చీలిక గట్టునే కెరీనా అంటరు. కుడి పై లోబ్‌కు పోయే శాఖ కెరీనా దాటినంక, కుడి పెద్ద గొట్టం నుంచి రావాలె. మీ మనిషికి అందుల ఒక భాగం కెరీనా దాకా ఆగకుంట పైననే పక్కకు తిరిగింది. పుట్టుకతోటి వచ్చిందే. ఎక్కువ మందికి ఇది కెరీనాకు 2 సెం.మీ. లోపల, కుడి గోడ మీదనే ఉంటది. మీ 14 మి.మీ. సరిగ్గ ఆ జాగనే. పరీక్షించి రాసిన లెక్కలల్ల వెయ్యి మందిల ఒకరి నుంచి వందల ఇద్దరి దాకా కనిపిస్తది. 1785లనే శాండిఫోర్ట్ దీని గురించి రాసిండు.
రిపోర్టు రాసినాయనను ఒక్క మాట అడుగు: మామూలు జాగల ఉన్న పై లోబ్ గొట్టానికి ఇంక ఎన్ని కొమ్మలు ఉన్నయి? మామూలుగ మూడు ఉంటయి. రెండే ఉంటే ఈ శాఖ జాగ మారిందన్నట్టు. మూడూ ఉండి ఇది నాలుగోదైతే అదనపు శాఖ. అదనపుది ఒక్కోసారి గుడ్డిగ ముగుస్తది, గల్ల నిల్వ ఉండేది అట్లాంటి దాంట్లనే ఎక్కువ.

పశువైద్యం_జనగామ
పంది పేరు చూసి ఎవ్వరూ గుబులు పడొద్దు. పందికి అందరిలెక్కనే ఉండే ఏర్పాటు గనుక ఆ పేరు వచ్చింది. ఆవు, బర్రె, మేక, గొర్రె అన్నిటికీ అంతే. గుర్రానికి, కుక్కకు ఉండదు. కావాలంటే ఆదివారం మటన్ దుకాణంల మేక ఊపిరితిత్తులను గాలిగొట్టంతో సహా అడిగి చూడుండ్రి. గొట్టం రెండుగ చీలే జాగకు రెండు మూడు వేళ్ల పైన, కుడిదిక్కున ఒక బొక్క ఉంటది. సైకిల్ పుల్ల పెడితే నేరుగ ముందటి లోబ్‌లకు పోతది. మేకకు ఆ శాఖ పెద్దగ, నోరు వెడల్పుగ ఉంటది, అందుకే దానికి ఏ ఇబ్బందీ లేదు. మనిషికి వస్తే సన్నగ, ఒక్కోసారి మూల తిరిగి ఉంటది.

జమ్మికుంట_పత్తి
సార్, ఈ ముక్క మా అత్తమ్మకు చదివి వినిపించిన. జర ధైర్యం వచ్చింది ఆమెకు.

కాజీపేట_ఛాతీ
ఇక్కడ అందరూ ఒకే దిక్కు ఉరుకుతున్నరు. ట్రాకియల్ బ్రాంకస్ ఉన్నోళ్లల్ల ఎక్కువ మందికి జిందగీల ఏ బాధా ఉండదు, వేరే దానికి సీటీ తీస్తే బయటపడ్తది. దొరికింది కదా అని నేరమంతా దాని నెత్తిన వేస్తే అసలుది తప్పించుకుంటది. పై లోబ్‌ల బ్రాంకియెక్టాసిస్, దమ్ము, ఇన్‌హేలర్‌కు లొంగకపోవుడు అంటే నేను మొదలు చూసేది ఏబీపీఏ, అంటే ఆస్పర్‌జిల్లస్ బూజు మీద ఒంటికి ఉండే అలర్జీ. మొత్తం ఐజీఈ (అలర్జీ చూసే రక్తపరీక్ష), ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ రెండూ చేయించు. మొత్తం ఐజీఈ 500 దాటి, ఆస్పర్‌జిల్లస్‌ది కూడ పాజిటివ్ అయితే కథ వేరే. మార్కెట్ల తడిసిన పత్తి, బూజు పట్టిన మిర్చి బస్తాల నడుమ పనిచేసే మనిషికి ఇది అడగకుంట ఉండొద్దు.

ఫిలిం_చదువరి
@కాజీపేట_ఛాతీ పరీక్ష చేయాలనేది ఒప్పుకుంట. కానీ ఇక్కడ మూడు నిమోనియాలు ఒక్క జాగల వచ్చినయి, ఆ జాగకు పోయే గొట్టమే తేడాగ ఉంది, బ్రాంకియెక్టాసిస్ కూడ ఆ ఒక్క సెగ్మెంట్‌లనే. ఏబీపీఏ అయితే ఎక్కువగ రెండు దిక్కులా, ఒకటికి మించిన లోబ్‌లల్ల కనిపిస్తది. తేడా ఒకచోట, రోగం ఇంకోచోట ఉంటే నేను కూడ మీ మాటే అనేటోన్ని. కింద లోబ్‌ల నిమోనియా వస్తే పైన ఉన్న ఈ శాఖను ఎవరు తప్పుపడ్తరు?

కాజీపేట_ఛాతీ
ఆ కొలబద్ద మంచిగుంది, ఒప్పుకున్న. ఐజీఈ మాత్రం వదలొద్దు. టీబీని కూడ పూర్తిగ కొట్టేయలేదు నేను. గల్ల నెగెటివ్ అంటే పైకి వచ్చిన గల్లల దొరకలేదని మాత్రమే. ఆధారం లేకుంట ఆరు నెలల మందులు మొదలుపెట్టుడు ఎంత తప్పో, ఆ శాఖల నుంచి నీళ్లు తీసి చూడకుంట టీబీ కాదనుడు కూడ అంతే తప్పు. అప్పటిదాకా నిమోనియా తిరగబెడితే లెవోఫ్లాక్సాసిన్ లాంటియి మందుల షాపుల అడిగి వేసుకోవద్దు. అవి టీబీని సగం అణిచి పరీక్షకు దొరకకుంట చేస్తయి.

స్కోప్_గది
నీళ్లు తీసుడు బ్రాంకోస్కోపీతోటే. చేసేటోళ్లకు ముందే చెప్పాల్సింది: శాఖ నోరు ట్రాకియా కుడి గోడ మీద, కెరీనాకు 14 మి.మీ. పైన ఉంది అని. ఎందుకంటే చాలామంది స్కోపు దించంగనే కెరీనా దిక్కు చూస్కుంట పోతరు, పక్క గోడ మీద ఉన్న సన్న బొక్క గల్ల కింద కప్పబడి ఉంటే కంటికి ఆనదు. వెనక్కి తీసేటప్పుడు నిదానంగ, కుడి గోడను చూస్కుంట రావాలె. ఆ సెగ్మెంట్‌లకే సెలైన్ కొట్టి గుంజిన నీళ్లను మూడు తీర్లుగ పంపాలె: సీబీనాట్ (టీబీని తొందరగ పట్టే జన్యు పరీక్ష) ప్లస్ టీబీ కల్చర్, మామూలు బ్యాక్టీరియా కల్చర్, ఫంగస్ కల్చర్. టీబీ ద్రవ కల్చర్ నెగెటివ్ అని తేల్చేటందుకు 42 రోజులు పడ్తది, అందుకే ముందుగాల చేయించుకుంటే నయం. ముందు రోజు రాత్రి నుంచి పరగడుపున, రక్తం పలుచబడే మందులు ఏమన్న వాడుతుంటే ముందే చెప్పాలె.

నర్సంపేట_లక్ష్మి
నడుమల వచ్చినందుకు ఏమనుకోకుండ్రి. మా పెద్దమ్మకు 46 ఏండ్లు. నాలుగేండ్ల సంది దమ్ము మందులే. మెట్లెక్కితే ఆయాసం, కూత వస్తది. కూత ఊపిరి లోపలికి గుంజేటప్పుడు ఎక్కువ. ఇది కూడ పుట్టుకతోటి వచ్చే గొట్టం తేడానా?

స్పైరో_మంచిర్యాల
అక్కా, కూత లోపలికి గుంజేటప్పుడు ఎక్కువ ఉంటే అది పిల్లికూత కాకపోవచ్చు. దమ్ముల కూత ఊపిరి వదిలేటప్పుడు, ఛాతీ అంతటా వినిపిస్తది. స్టెతస్కోపు గొంతు మీద పెడితే ఛాతీ కంటె అక్కడ్నే గట్టిగ వినిపిస్తుందంటే ఇరుకు పైన ఉన్నట్టు.
స్పైరోమెట్రీ (మిషన్ల ఊదే పరీక్ష) కాగితం ఉంటే ఈ లెక్క చెయ్యి. ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనుల ఊదిన గాలి, లీటర్లల్ల ఉంటది, మిల్లీలీటర్లు చేసుకో. పీఈఎఫ్, అంటే ఊదేటప్పుడు గాలికి వచ్చే అత్యధిక వేగం, మన దగ్గరి మిషన్లు ఎక్కువగ సెకనుకు లీటర్లల్ల ఇస్తయి, 60తో గుణించి నిమిషానికి చేసుకో. మొదటిదాన్ని రెండోదానితో భాగించు. ఉదాహరణకు ఎఫ్ఈవీ1 2.10, పీఈఎఫ్ 3.2 ఉంటే 2100ను 192తో భాగించాలె, 10.9 వస్తది. మంచిగున్న మనిషికి 2.80, 7.5 ఉంటే 2800 బై 450, దాదాపు 6.2. ఎనిమిది దాటితే పెద్ద గొట్టంల ఇరుకు ఉందేమో అని అనుమానించాలె. ఇట్ల భాగించి చూసుడు 1972ల ఎంపీ (Empey) అనే డాక్టర్ చెప్పింది. కారణం సాఫ్ ఉంది: పెద్ద గొట్టం ఇరుకైతే మొదటి దెబ్బకు వచ్చే గాలి పడిపోతది, సెకను మొత్తంల వచ్చే గాలి అంతగ పడిపోదు.
ఒక్కటే షరతు. మనిషి గట్టిగ ఊదకపోయినా పీఈఎఫ్ తగ్గి ఇదే లెక్క వస్తది. అందుకే ఒక్క ఊదుడు చాలదు. మంచిగ ఊదినవి మూడు ఉండాలె, పెద్దయి రెండు ఎఫ్ఈవీ1లు 150 మి.లీ. తేడా లోపల ఉండాలె.

ఫిలిం_చదువరి
@స్పైరో_మంచిర్యాల చెప్పిన దానికి తోడు: అదే కాగితం మీద ఊపిరి వేగం చూపే లూప్ బొమ్మ చూడుండ్రి. పై సగం, కింద సగం రెండూ కత్తితో కోసినట్టు చదునుగ ఉంటే ఇరుకు గట్టిది, ఊపిరితోటి మారేది కాదు. కింద సగమే, అంటే లోపలికి గుంజేదే చదునైతే గొంతు దగ్గర, ఛాతీ బయట ఉన్న గొట్టం. పైదే చదునైతే ఛాతీ లోపలి గొట్టం, ఊపిరి వదిలితే గోడ కూలుతున్నట్టు. కానీ లూప్ మంచిగుంది కదా అని ధీమాగ ఉండొద్దు. గొట్టం 8 మి.మీ. దాకా సన్నబడితే గాని అది బయటపడదు. జమ్మికుంట అన్నా, మీ బామ్మర్దికి లూప్ మామూలుగనే వస్తది, ఆయనకు ఇరుకు లేదు, దారి తేడా అంతే.

కాజీపేట_ఛాతీ
@నర్సంపేట_లక్ష్మి 30–50 నడుమ ఆడవాళ్లకు ఏ కారణం లేకుంటనే స్వరతంతుల కిందనే వలయంలెక్క గట్టిపడి ఇరుకయ్యే జబ్బు ఒకటుంది, సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్. పుట్టుకతోటి వచ్చేది కాదు. అరుదే, కానీ దమ్ము పేరు మీద ఏండ్లకేండ్లు దాక్కునేది ఇదే. మామూలు ఛాతీ సీటీల ఆ జాగ పడదు, స్కానింగ్ గొంతు నుంచి మొదలుపెట్టమని రాయించాలె. ఈఎన్‌టీ వాళ్లతో సన్న స్కోపు వేయించుండ్రి. ఆంకా రక్తపరీక్ష కూడ, ఎందుకంటే రక్తనాళాల జబ్బు కూడ సరిగ్గ అక్కడ్నే ఇరుకు చేస్తది. కూర్చున్నకాడనే కూత వస్తుందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, గొట్టం అప్పటికే 5 మి.మీ. దగ్గరపడ్డట్టు.

పరకాల_108
ఇదే మాట పురుగుమందు కేసులకు కూడ చెప్పాలె. మన దిక్కు పత్తి సీజన్ల మందు తాగి వెంటిలేటర్ మీదికి పోయి బతికి వచ్చినోళ్లు మస్తు. ఇంటికి పోయినంక మూడు నాలుగు వారాలకు ఆయాసం, కూత మొదలైతది. ఊర్లె ఆర్ఎంపీ నెబ్యులైజర్ పెట్టి, సూది ఇచ్చి పంపుతడు, రెండు గంటలు తేలిక అయితది. అది దమ్ము కాదు. వెంటిలేటర్ ట్యూబు కొసకు ఉండే గాలిబుడగ (కఫ్) రాసుకున్న జాగల మచ్చ పడి గాలిగొట్టం ముడుచుకుంటది. ఐసీయూల కఫ్ పీడనం 20–30 సెం.మీ. నీటి మట్టం నడుమ ఉంచేది ఎందుకంటే, అది దాటితే గోడకు రక్తం అందదు. వెంటిలేటర్ మీద ఉండి వచ్చినోళ్లకు కూత మొదలైతే స్కోపు చేసే పెద్ద దవాఖానకు తోలుండ్రి, డిశ్చార్జి కాగితం వెంట పెట్టి.

సిరిసిల్ల_మగ్గం
మా మేనమామది. 52 ఏండ్లు, ఏండ్లకేండ్లుగ గల్ల గంపెడు పడుతది, దగ్గితే బలం రాదు. రిపోర్టుల ట్రాకియా అడ్డం 33 మి.మీ., కుడి గొట్టం 26, ఎడమది 24 అని ఉంది. వెడల్పు ఉంటే గాలి ఇంక మంచిగ ఆడాలె కదా?

ఫిలిం_చదువరి
గాలి పోతది, గల్ల రాదు. మగవాళ్లకు ట్రాకియా అడ్డం వెడల్పు 13 నుంచి 25 మి.మీ. దాకా మామూలు. 30 దాటి, కుడి పెద్ద గొట్టం 24, ఎడమది 23 దాటితే మూనియే-కూన్ అని అనుమానిస్తరు, 1932ల రాసిన ఆయన పేరు. గోడల సాగే నారలు, కండరం కరిగిపోయి గొట్టం వదులైతది. దగ్గినప్పుడు గోడ బిగుసుకుంటేనే గాలి దూసుకపోయి గల్లను తోస్తది. వదులు గొట్టంల ఆ వేగం పుట్టదు, పైగా గోడ మూసుకుంటది. ఊపిరి లోపలికి గుంజి తీసిన స్కానింగ్ ఒక్కటే ఉంటే చాలదు, గట్టిగ వదులుతున్నప్పుడు కూడ తీయించాలె. ఏది ఎంత కూలుతుందో అందులనే తెలుస్తది.

కాజీపేట_ఛాతీ
వదిలేటప్పుడు 50 శాతం కూలిందని రిపోర్టు వస్తే బేజారు కావొద్దు. మంచిగున్నోళ్లకు కూడ సగం కూలుడు తరచుగ కనిపిస్తది. 70–80 శాతం దాటి, లక్షణాలు కూడ ఉంటేనే లెక్కలకు తీసుకుంటం.

మత్తుసూది_హన్మకొండ
ఇప్పుడు హెర్నియా ముచ్చట. జమ్మికుంట తమ్మీ, ఓపెన్ అని చెప్తే పని సులువు, నడుముకు సూది ఇచ్చి చేయొచ్చు, గాలిగొట్టం జోలికే పోము. లాపరోస్కోపీ అయితే పూర్తి మత్తు, ట్యూబు వేసుడు తప్పదు. తిప్పలంతా అక్కడుంది.
మగవాళ్లకు ట్యూబు పళ్ల దగ్గర 23 సెం.మీ. గుర్తు కాడ అతికిస్తం, ఆడవాళ్లకు 21. కొస కెరీనాకు 3–5 సెం.మీ. పైన ఉండాలె. ఈయన శాఖ నోరు కెరీనాకు 1.4 సెం.మీ. పైన. అంటే కొస మంచిగ ఉన్నప్పుడు కూడ ఆ నోటికి మిగిలే జాగ 1.6 నుంచి 3.6 సెం.మీ. మాత్రమే. కడుపుల గ్యాస్ నింపి, తల కిందికి వంచితే డయాఫ్రం (ఛాతీ అడుగున ఉండే కండరపు పొర) పైకి లేస్తది, దానితోటి కెరీనా కూడ పైకి జరుగుతది. గదవ ఛాతీ దిక్కు వంగితే ట్యూబు కొస రెండు సెం.మీ. దాకా కిందికి పోవచ్చు. రెండూ కలిస్తే కొస గాని, కఫ్ గాని ఆ బొక్కను మూస్తది. అప్పుడు ఆ సెగ్మెంట్ కూలుతది, ఆక్సిజన్ పడిపోతది, మిషన్ మీద పీడనం పెరుగుతది. కారణం తెల్వకపోతే ఆస్తమా అనుకొని సాల్బుటమాల్ (గొట్టాలు విప్పే మందు) కొట్టుకుంట కూసుంటరు. తెలిసుంటే కఫ్ గాలి తీసి, స్కోపుతో చూస్కుంట ఒకటి రెండు సెం.మీ. వెనక్కి గుంజితే సరిపోతది.
ఇంకో మాట, దీన్ని ఎవరూ అడగలే. ఇంత దగ్గు ఉండంగ హెర్నియా చేయించుడు ఎందుకు? కుట్టిన జాగను దగ్గే మళ్ల ఎగదన్నుతది. హెర్నియా ఇరుక్కుపోలేదు, నొప్పి లేదంటే ముందు గల్ల సంగతి చూసుకొని, తెల్లబడ్డంక తారీఖు పెట్టుకోండ్రి.

జమ్మికుంట_పత్తి
ఆపరేషన్ లాపరోస్కోపీ అని చెప్పిన్రు. నొప్పి లేదు, పండుకుంటే లోపలికి పోతది. గల్ల తెల్లబడేదాకా ఏం చేయాలె మరి?

ఫిజియో_కరీంనగర్
తిన్నంక రెండు గంటలు ఆగాలె. ముందు సాల్బుటమాల్ రెండు పఫ్‌లు, పావుగంట ఆగి 3 శాతం ఉప్పునీళ్లు 4 మి.లీ. నెబ్యులైజర్‌ల. మొదటిసారి ఇంట్ల కాదు, దవాఖానల డాక్టర్ ముందట, ఎందుకంటే కొందరికి ఛాతీ బిగుసుకుంటది.
ఎపికల్ సెగ్మెంట్ అంటే శిఖరం, గల్ల కూర్చుంటేనే కిందికి దిగుతది. అందుకే పండబెట్టి వీపు చరచొద్దు. కుర్చీల నిటారుగ కూర్చోని, వెనక్కి కొద్దిగ ఆనుకోవాలె. మూడు నాలుగు లోతు ఊపిరులు, ప్రతిసారి పైన మూడు సెకన్లు ఆపాలె. తర్వాత మామూలు ఊపిరి అర నిమిషం. ఆ తర్వాత అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి ‘హ్హా’ అని ఒకటి రెండుసార్లు. గల్ల పైకి వచ్చిందనిపిస్తేనే దగ్గాలె. ఇట్ల పది నుంచి ఇరవై నిమిషాలు, పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి. వెనక సెగ్మెంట్‌ల కూడ బ్రాంకియెక్టాసిస్ ఉందంటే ఎడమ పక్కకు పండి, దిండును కౌగిలించుకొని ముందుకు సగం బోర్ల తిరగాలె. గల్లల నెత్తురు చారలు పడితే ఆపి డాక్టర్‌కు చూపెట్టాలె.

కాజీపేట_ఛాతీ
ఫ్లూ టీకా, న్యూమోకాకల్ టీకా కూడ. ఇవన్ని చేసినా ఆ ఒక్క సెగ్మెంట్ మళ్ల మళ్ల పాడైతే అప్పుడే ఆ ముక్క తీసే ఆపరేషన్ గురించి మాట్లాడాలె. మొదటి రోజే కాదు.

పరకాల_108
మరి రేపు యాక్సిడెంట్ అయి, మనిషి మాట్లాడలేని స్థితిల వస్తే ఇది మాకెట్ల తెలుస్తది?

మత్తుసూది_హన్మకొండ
అందుకే చీటీ. ఆరోగ్యశ్రీ కార్డు వెనక అంటించి, ఫోన్ల అత్యవసర సమాచారంల కూడ రాయాలె. ఇంతే చాలు:
‘కుడి ట్రాకియల్ బ్రాంకస్, ఎపికల్ సెగ్మెంట్, కెరీనాకు 14 మి.మీ. పైన. ట్యూబు వేస్తే కొస లోతుకు పోనీయొద్దు, స్కోపుతో చూడాలె. కుడి పైభాగం కూలితే ముందు ట్యూబు వెనక్కి గుంజి చూడాలె. సీటీ చేసిన తేదీ, సీడీ ఇంట్ల ఎవరి దగ్గర ఉంది.’
ఫిలిం షీట్లు చాలవు, సీడీ ఉండాలె. అందుల ఒక మిల్లీమీటరు ముక్కలు ఉన్నయా అని ఇప్పుడే అడుగు, కొన్ని సెంటర్లు కొన్ని రోజులకు అవి తుడిచేసి 5 మి.మీ.వే ఉంచుతయి.

జమ్మికుంట_పత్తి
సెంటర్‌కు ఫోన్ చేసిన. సన్న ముక్కలు ఇంక ఉన్నయట, రేపు పది గంటలకు రమ్మన్నరు. ఖాళీ సీడీలు రెండు కొనుక్కొని పోత. తారీఖు జరపమని సర్జన్‌కు కూడ చెప్పినం.

ఫిలిం_చదువరి
పై లోబ్‌ల కొమ్మలెన్నో అడుగుడు మర్వకు.